ఆ ముగ్గురు తప్ప

మొన్న మా అపార్టుమెంటు సంఘంవాళ్ళు చీటీలు పంచారు. వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా వైద్య సహాయంలో చేర్చుకోవాలా వద్దా రాసి డబ్బాలో వెయ్యాలి. పేరు రాయక్కర్లేదు. నా వయసుకి గౌరవమిచ్చి డబ్బా నా ఒళ్ళో పెట్టారు. వయసుకి ఎవరూ ఇంతకంటే పెద్ద పదవి ఇవ్వరు కాబట్టి నేనూ బుద్ధిగా కాపలా కూర్చున్నాను. చీటీ వేసిన ప్రతివాళ్ళూ నా మొహంలోకి ఒకసారి చూసి, అడక్కుండానే "నేను చేర్చుకుందామనే రాశానండీ" అని చెప్పి వెళ్తున్నారు. నాలుగో మనిషి ఆ మాట అనేసరికి నాకు గుర్తొచ్చింది. ఆ మాట అదే గొంతుతో ఇంతకుముందు విన్నాను. అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్ళు.

అప్పుడు మేం కొరాపుట్ కొండల్లో ఉండేవాళ్ళం. కొండని తొలిచి, ఏటిని మళ్ళించి కరెంటు తీసే పని ఏదో జరుగుతోంది. కరెంటు పుట్టబోయే ఊరు కదా, పురిటిగదికి ఉండే చీకటంతా మాకే ఉండేది. వరసగా రేకుల ఇళ్ళు. పొద్దున్నే తలుపు బయట మంచు గోడలా నిలబడేది. తడి కంబళ్ళ వాసన, కొండ పేల్చిన మందు వాసన, వాటి మధ్య ఎవరింట్లోనో ఎండు మెత్తళ్ళు వేగుతున్న వాసన. ఇప్పటికీ ఎక్కడైనా మెత్తళ్ళు వేయిస్తే నాకు ఆకలికి ముందు చలి వేస్తుంది. మామ్మ మా చేతుల్లో వేడి చోడి అంబలి ముంతలు పెట్టి, "తాగడానికి ముందు సేతులు కాసుకోండి, ఒక అంబలికి రెండు పుణ్యాలు" అనేది.

నాన్న కొలిమి మేస్త్రీ. సొరంగంలో రాయి తొలిచే ఇనప సూదులకి పదును పెట్టేవాడు. అంతకంటే గొప్ప ఉద్యోగం ఆయనకి ఇంకోటి ఉండేది. సంఘంలో మా శాఖకి ఆయన అధ్యక్షుడు.

అక్కడున్న తెలుగువాళ్ళు ఎక్కువమంది శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. సొంత ఊళ్ళో మనిషి పోతే మొయ్యడానికి నలుగురుంటారు. కొండల్లో ఎవరున్నారు? అందుకే సంఘం. పెద్ద సంఘం రాయగడలో ఉండేది. గుణుపురంలో, కొరాపుట్‌లో, మా పని దగ్గర, తెలుగువాళ్ళు పదిమంది పోగైన ప్రతిచోటా శాఖలు. ప్రతి ఇల్లూ నెలకి ఇన్ని బియ్యం వెయ్యాలి. సభ్యుడు పోతే శాఖ మొయ్యడానికి భుజాలిస్తుంది, కట్టెలు తెస్తుంది, ఆ ఇంటికి ఆరు నెలలు బియ్యం పోస్తుంది, పెళ్ళాం పిల్లల్ని సొంత ఊరి గుమ్మం దాకా దింపడానికి ఇద్దరు మనుషుల్ని పంపిస్తుంది.

సంఘం పెట్టిన పెద్దాయన బర్మాలోని రంగం నుంచి నడిచి వచ్చినవాడు. రంగం నుంచి వచ్చి ఇక్కడ రంగంలోకి దిగాడని నాన్న చమత్కారం. అక్కడ మిల్లులో హంగేరీ దేశపు మరమేస్త్రీ ఒకాయన ఉండేవాడట. ఆయన అన్నదమ్ములు అమెరికా బొగ్గుగనుల్లో ఇలాంటి సంఘం పెట్టుకున్నారట. పరదేశం పోయినవాళ్ళు ఒకరినొకరు ఎలా మోసుకుంటారో ఆయన చెబితే ఈయన నేర్చుకున్నాడట. "హంగేరీ అంటారేటి, ఈ రేకుల కొంపలో హంగేదీ?" అని మామ్మ.

ఆ దూరదేశపు పద్ధతులన్నీ మా ఇంటికి నడిచొచ్చాయి. శాఖకి అధ్యక్షుడు, కార్యదర్శి, జబ్బుపడ్డవాళ్ళని చూసి రావడానికి ఇద్దరు పరామర్శకులు, ఇంకా ఒక ద్వారపాలకుడు. సభ మొదలయ్యాక బయటివాళ్ళని రానివ్వకపోవడం ఆయన పని. సభలు జరిగే మా ముందుగదికి తలుపు ఊడిపోయి గోనెపట్టా వేలాడేది. తలుపు లేని ఇంటికి ద్వారపాలకుడు. ఆయన కుంటికాలితోనే ఆ గోనెపట్టా ముందు ఎంత ఠీవిగా నిలబడేవాడంటే, నేను నా ఇంట్లోకి వెళ్ళడానికి ఆయన్ని బతిమాలుకునేదాన్ని. సభలో అందరూ పసుపులో ముంచిన కండువా వేసుకోవాలి. పసుపు ఎక్కువైతే చొక్కాలకి అంటి, మర్నాడు కొలిమి దగ్గర అందరూ పెళ్ళికొడుకుల్లా ఉండేవాళ్ళు.

కొత్తవాళ్ళని చేర్చుకోవడానికి గింజలు వేసేవాళ్ళు. సంతలో కొండవాళ్ళు అమ్మే పెద్ద చిక్కుడు గింజలు, తెల్లవీ నల్లవీ. ప్రతి సభ్యుడికీ రెండు రంగులవీ ఒక్కొక్కటి ఇస్తారు. ఇష్టమైతే తెల్లది, కాదంటే నల్లది, పిడికిలి మూసి కుండలో వెయ్యాలి. రెండోది చాటుగా జేబులో వేసుకుని పోవాలి. ఊరన్నాక ఇద్దరు గిట్టనివాళ్ళు ఉంటారు కనక రెండు నల్లగింజల దాకా లెక్కలోకి రావు. మూడు పడితే ఆ మనిషి చేరనట్టే, మళ్ళీ ఏడాది దాకా అడగకూడదు. అధ్యక్షుడికి గింజ లేదు. కుండలోకి చూసే హక్కు మాత్రం ఆయనొక్కడికే.

ఇంకో నియమం మా పిల్లల కోసమే పుట్టింది. పడ్డ గింజలు దాచకూడదు, ఎవరూ తరవాత లెక్కపెట్టకూడదు. అందుకని అప్పటికప్పుడు ఉడకబెట్టి పిల్లలకి పెట్టేసేవాళ్ళు. సభ రోజు మేం అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళం. ఉప్పు, పచ్చిమిరపకాయ వేసిన గుగ్గిళ్ళు ఒక్కొక్కరికి రెండో మూడో గింజలు. రహస్యం కడుపులో దాచుకోవడం అంటే మాకు అదే.

ఇక చిన్నాన్న. నాన్నకి సొంత తమ్ముడేం కాదు, పక్క రేకుల ఇల్లు. ఊరు కాని ఊళ్ళో గోడ ఎవరితో పంచుకుంటే వాళ్ళే చుట్టాలు. సొరంగంలో డ్రిల్లు పట్టేవాడు. సాయంత్రం వచ్చేటప్పటికి కనుబొమలు, మీసాలు, చెవుల్లో వెంట్రుకలతో సహా పిండిమరలో పడి లేచినట్టు తెల్లగా ఉండేవాడు. "సూడు అమ్మి, పొద్దున్న కుర్రోడిగా ఎల్లేను, సాయంత్రానికి ముసలోడిగా వచ్చేను" అని నా ముక్కు మీద తెల్లచుక్క పెట్టేవాడు. ఆయన కూతురు నా ఈడుది. స్నానానికి నీళ్ళు కాగేలోపల ఆయన నులకమంచం మీద బోర్లా పడుకుంటే మేమిద్దరం ఆయన వీపు మీది రాతిపిండిలో వేళ్ళతో బొమ్మలు వేసేవాళ్ళం. ఒకరోజు ఎడ్లబండి, ఒకరోజు తాటిచెట్టు. మర్నాటికి మళ్ళీ తెల్లటి పలక సిద్ధంగా వచ్చేది.

ఆయన సంఘంలో చేరలేదు. పైగా వెక్కిరించేవాడు. "మీ సంగంలో సేరి లాబం పొందాలంటే ముందు సావాల. ఇంత ముందుసూపు బేరం నాకొద్దు, అన్నియ్యా" అనేవాడు. టీ కొట్టు మావయ్య టీని కూడా వదల్లేదు. "నీ టీలో నీళ్ళు తప్ప మరేం కలపవు గదా, కల్తీ నేని సరుకు" అని నలుగురిలో అన్నాడు. ఆ మాటకి మావయ్య ఆయనతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకీ ఉమ్మేవాళ్ళు.

తరవాత దగ్గు మొదలైంది. మొదట దాన్నీ వెక్కిరించాడు. ఆ తరవాత వెక్కిరించడానికి ఊపిరి చాలలేదు. వీపు మీద బొమ్మలు వేస్తుంటే వేలు పక్కటెముకల మీద గతుకుల్లో పడినట్టు పడేది. ఎడ్లబండి చక్రాలు గుండ్రంగా రావడం మానేశాయి.

ఒక మధ్యాహ్నం పిన్ని మా వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కూలబడింది.

"అప్పా, మా గుంట అయ్యకేటైనా అయితే నానేటి సెయ్యాల? ఊరెల్లే దారి కూడా నాకు తెల్దు. మొయ్యడానికి మనిసి నేడు. బావతో సెప్పు, ఇప్పుడైనా సంగంలో ఎయ్యమని."

అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న అంబలి ముంత కింద పెట్టి, "బాగున్ననాడు సేరాల్సింది. ఆడికి ఎన్నిసార్లు సెప్పేను" అన్నాడు.

"బాగున్ననాడు అందరికీ బుద్దుంటే మీ సంగమెందుకు?" అంది అమ్మ.

నాన్న మర్నాడు రాయగడ బస్సెక్కాడు. జబ్బుమనిషిని చేర్చుకోవచ్చో లేదో పెద్దసంఘాన్ని అడగడానికి. మూడోనాడు వచ్చాడు, నాకూ చిన్నాన్న కూతురికీ చెరో జీడిబెల్లం ముక్క తెచ్చాడు. "ఏటన్నారు?" అని అమ్మ. "ఇది శాఖ ఇంటి ఇసయం అన్నారు. శాఖ తెల్లగింజలేస్తే మేం కాదనం, నల్లగింజలేస్తే మేం ఔననం అన్నారు." అంటే ఆ మనిషి ఏమవుతాడో ఇంక మా ముందుగదే తేల్చాలి.

సభ ఆదివారం మధ్యాహ్నం. మేం అరుగు మీద కూర్చున్నాం. చిన్నాన్న కూతురు నా పక్కనే, అరచెయ్యి అప్పుడే చాపుకుని. రేకు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి. పరామర్శకుల్లో ఒకాయన కాంపౌండరు, కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుడు, ప్రార్థన చెయ్యనిదే ముద్ద ముట్టనివాడు. ఆయనతో అబద్ధం ఆడించాలని నాన్నకి ఎంతున్నా అది అయ్యే పని కాదు.

"రాతిపొడి ఊపిరితిత్తుల్లో పట్టేసిందండి. ఈ వానాకాలం దాటితే దేవుడి దయేనండి" అన్నాడాయన మెల్లగా.

కార్యదర్శి లేచాడు. సిమెంటు గోదాం గుమస్తా. "జాలి నాకూ ఉంది. ఈవేళ ఈయన. డ్రిల్లు పట్టేవోళ్ళు ఎంతమంది దగ్గుతున్నారో మీ చెవుల్తో మీరు వినడం లేదా? ఒకర్ని చేర్చి రెండోవాణ్ణి కాదనగలమా? అందర్నీ చేరిస్తే రేపు మీ ఇళ్ళకి పొయ్యడానికి బియ్యం ఉంటాయా?"

అందరూ నాన్న వైపు చూశారు. నాన్న అన్నాడు: "నాను సెప్పేదేటీ నేదు. కుండ సెప్తాది."

గింజలు కుండలో పడుతున్న చప్పుడు ఒకటొకటిగా వినిపించింది. పిడికిలి లోపలికి వెళ్ళి, టక్కుమని, బయటికి వచ్చేది. తరవాత నాన్న కుండ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు వెలుగుకి వంచి చూశాడు. చూసి, చేత్తో మూత మూసినట్టు కుండ మూతిని కప్పి, "మూడు నల్లయ్యి" అన్నాడు.

లోపల చిన్న నిట్టూర్పు వినిపించింది. బాధో ఊరటో ఆ వయసులో నాకు తెలీలేదు.

నాన్న కుండ తెచ్చి వంటింట్లో అమ్మ చేతికిచ్చాడు. నేను గుగ్గిళ్ళ ఆత్రంతో ముందుగానే పొయ్యి దగ్గర చేరాను. "ఈయాల ఇవి ఉడకెట్టకు" అన్నాడు. అమ్మ కుండ లోపలికి చూసింది. నేనూ చూశాను. కుండ అడుగంతా నల్లగా ఉంది. మూడే ఉన్నాయి, తెల్లవి.

"మూడన్నావు" అంది అమ్మ.

"మూడు పడితే సాలు గదా, నియమం. ఇరవైమంది ఒద్దన్నారని సెప్పమంటావా? ఆడు ఈ గోడవతలే ఉన్నాడు. రేపు ఈళ్ళంతా ఒకడి మొకం ఒకడు సూసుకోవాల." నా తలమీద చెయ్యి వేశాడు. "అమ్మి, నువ్వు సూడనేదు."

ఎవరి మనసులో ఏముందో తరవాత చాలా ఏళ్ళు ఆలోచించాను. చిన్నాన్నని వాళ్ళెవరూ ద్వేషించలేదు. రెండు నల్లగింజల దాకా లెక్కలోకి రావు గదా. నా ఒక్క గింజతో పోయేదేముంది, మిగతావాళ్ళు ఎలాగూ చేర్చుకుంటారు, నియమం మాట నేనొక్కణ్ణి నిలబెట్టినట్టుంటుంది అని ప్రతివాడూ అనుకుని ఉంటాడు. అంతా మంచివాళ్ళు. ఒకళ్ళ మంచితనం మీద ఒకళ్ళకి అంత నమ్మకం.

అమ్మ నల్లగింజలు పొయ్యిలో పోసింది. చిటపటా పేలాయి. తన డబ్బాలోంచి తెల్ల చిక్కుడు గింజలు తీసి ఉడికించి, ఉప్పు జల్లి, అరుగు మీదికి తెచ్చింది. అందరికంటే ముందు చిన్నాన్న కూతురి చేతిలో పెట్టింది. "అన్నీ తెల్లయ్యే" అని ఆ పిల్ల నాకు చూపించి నవ్వింది.

తరవాతి వారం మా ఇంటికి మనుషులు రావడం మొదలుపెట్టారు. ఒకాయన నిప్పు కోసం వచ్చాడు, ఒకాయన గొడ్డలికి పదును అని వచ్చాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఎవరూ అడక్కుండానే, "అన్నియ్యా, నాను తెల్లదే ఏసేను" అనేవాళ్ళు. నాన్న "తెల్సు" అనేవాడు. ఎంతమంది వచ్చి చెప్పినా అదే మాట. మామ్మ ఒకరోజు, "ఇంతమంది తెల్లయ్యి ఏస్తే మరి నల్లయ్యి దెయ్యాలేసేయా?" అంది. నాన్న కొలిమికి వెళ్ళిపోయాడు.

పిన్ని మాత్రం ఆ ముగ్గుర్నీ వెతుక్కుంటోంది. ఎవరితో మాట్లాడినా మధ్యలో ఆగి మొహంలోకి చూసేది. ఒకరి మీద ఆమెకి అనుమానం కాదు, ఖాయం. నీళ్ళ కుళాయి దగ్గర, అందరూ వింటుండగా, టీ కొట్టు మావయ్యని పట్టుకుని దులిపేసింది. "టీ మాట మనసులో ఎట్టుకుని మనిసి పాడె ఆపేవు. నీ కొట్టు కూలిపోనీ." మావయ్య బిందె సగం నిండకుండానే తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఆయన తప్పుకి సాక్ష్యమని కాలనీ అంతా తీర్మానించింది.

వానాకాలం దాటలేదు. ఒక తెల్లవారుజామున గోడవతల దగ్గు ఆగిపోయింది. ఆ దగ్గు అలవాటైపోయిన నాకు దాని నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది.

శాఖ తరఫున చేసేదేమీ లేదు. కాని పొద్దెక్కేసరికి శాఖ అంతా వచ్చింది. కండువాలు లేకుండా, ఎవరికి వాళ్ళు ఇరుగుపొరుగు లెక్కన. నాన్నా, కాంపౌండరూ వెదుళ్ళు కోసి పాడె కట్టారు. వాన రేకుల మీద చెవులు దిబ్బెళ్ళు పడేలా కురుస్తోంది. మనిషిని పాడె మీద పడుకోబెట్టారు. స్నానం చేయించినా చెవుల వెనక ఇంకా తెల్లగా ఉంది. ఎత్తడానికి నలుగురు వంగారు.

"ఆగండి" అంది పిన్ని.

గోడకి ఆనుకుని కూర్చున్నది లేచి నిలబడింది. ఏడవడం లేదు.

"అందరూ వచ్చేరు. మంచిది. ఆ ముగ్గురెవరో నాకు తెల్దు, సెప్పమని అడగను. ఆ ముగ్గురు మాత్రం ఆయన్ని ముట్టకండి. మిగతావోళ్ళు ఎత్తండి."

వంగిన నలుగురూ మెల్లగా నిటారుగా నిలబడి వెనక్కి జరిగారు.

వాకిట్లో ఇరవైమందికి పైగా మగవాళ్ళున్నారు. ఎవరూ కదల్లేదు. చచ్చినవాడి ముందు అబద్ధం ఆడటానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. కొంతసేపటికి జనంలోంచి టీ కొట్టు మావయ్య వచ్చాడు. పిన్ని వైపు చూడకుండా పాడె ముందు కుడి కొమ్ము దగ్గర నిలబడ్డాడు. తరవాత ద్వారపాలకుడు కుంటుకుంటూ వచ్చాడు. తరవాత కాంపౌండరు చెప్పులు విడిచి వచ్చాడు. మా ఇంటికి వచ్చి తెల్లదే వేశానని చెప్పని ముగ్గురూ వాళ్ళే.

నాలుగో కొమ్ము ఖాళీ.

అప్పుడు చూశాను వాళ్ళ మొహాలు. కార్యదర్శి పక్కవాడి వైపు చూశాడు, నువ్వు కూడానా అన్నట్టు. పక్కవాడు అవతలివాడి వైపు చూశాడు. ఆ చూపు ఒకరి నుంచి ఒకరికి జరుగుతూ ముగ్గుర్ని దాటింది, ఆరుగుర్ని దాటింది, గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఎవరి గింజ వాళ్ళ చేతిలో ఇంకా ఉన్నట్టు అందరూ పిడికిళ్ళు బిగించుకుని నిలబడ్డారు. పిన్ని చూపు కూడా ఆ వరస వెంబడే నడిచింది.

నాన్న వెళ్ళి నాలుగో కొమ్ము పట్టుకున్నాడు.

పిన్ని తన చీర కొంగు చింపి, మడిచి, టీ కొట్టు మావయ్య భుజం మీద వెదురు ఒరుసుకోకుండా పెట్టింది. ఆయన తల వంచి పెట్టించుకున్నాడు. నలుగురూ ఎత్తారు. ద్వారపాలకుడి కుంటికి పాడె ఒక పక్కకి ఒరుగుతుంటే నాన్న తన పక్క ఒంగి సరిచేశాడు. మిగతావాళ్ళందరూ తడికట్టెలు నెత్తిన పెట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, దూరదూరంగా వెనక నడిచారు.

మగవాళ్ళు వెళ్ళాక వాకిట్లో ఆడవాళ్ళం మిగిలాం. పిన్ని అమ్మ వైపు తిరిగింది.

"అప్పా, ఆ రోజు గుంటకి ఎట్టిన తెల్ల గుగ్గిళ్ళు ఎక్కడియ్యి?"

అమ్మ తల దించుకుంది. "నా డబ్బాలోయ్యి" అంది.

పిన్ని పిల్లని దగ్గరికి తీసుకుంది. నాలుగోనాటికి సామాను మూట కట్టింది. టీ కొట్టు మావయ్య కొట్టు మూసి, వాళ్ళిద్దర్నీ ఊరిదాకా దింపడానికి తనే బస్సెక్కాడు. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నాకేసి చెయ్యి ఊపుతుందేమో అని రోడ్డు మలుపు దాకా పరిగెత్తాను. అది వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది.

తరవాతి సభలో నల్లగింజ తీసేశారు. కార్యదర్శే ఆ ప్రతిపాదన పెట్టాడని నాన్న చెప్పాడు. దగ్గుతున్న డ్రిల్లు మనుషులందర్నీ చేర్చుకున్నారు. ఒకరి తరవాత ఒకరు పోతూనే ఉన్నారు. శాఖ మోస్తూనే ఉంది, కట్టెలు తెస్తూనే ఉంది. ఆ తరవాతి వానాకాలానికి బియ్యం గాదె అడుగు కనిపించింది. రాయగడకి కబురు పెడితే ఇది శాఖ ఇంటి విషయం అన్నారు. కార్యదర్శి భయపడ్డది అక్షరాలా జరిగింది. ఆయన పోయినప్పుడు ఆయన ఇంటికి పొయ్యడానికి బియ్యం లేవు. మొయ్యడానికి మాత్రం ఊరంతా వచ్చింది. పని ముగిసి రేకులు విప్పేసినరోజు శాఖా ముగిసింది.

నేనైతే ఏ గింజ వేసేదాన్ని అని ఈ వయసులో అప్పుడప్పుడు నన్ను నేను అడుగుతుంటాను. తెల్లదే అని క్షణం ఆలస్యం లేకుండా జవాబు వస్తుంది. ఆ తొందరే నాకు భయం. మా గుమ్మంలో నిలబడి నాన్నతో ఆ మాట అన్నవాళ్ళెవరూ ఆలోచించుకుని చెప్పలేదు.